గిన్నె మిగిలింది చాలు: వెబ్‌కామిక్‌ను కృత్రిమ భాషలోకి తేవడం ఎలా?

రెండు పిల్లులు, ఒక పాలగిన్నె, నాలుగు ప్యానెల్స్. మొదటి ప్యానెల్లో గండుపిల్లి గిన్నెలో మూతి పెట్టి తాగుతూ ఉంటుంది, పిల్లిపిల్ల పక్కన కూర్చుని చూస్తూ ఉంటుంది. రెండో ప్యానెల్లోనూ అదే, కాకపోతే పిల్ల కాస్త దగ్గరికి జరిగింది. మూడో దానిలో పిల్ల నోరు విప్పుతుంది: "ఈ పాలలో నా పాలెంత?" నాలుగో దానిలో గండుపిల్లి మూతి నాక్కుంటూ అంటుంది: "గిన్నె."

ఈ బొమ్మల కథ ఈ వ్యాసం కోసం నేను అల్లుకున్నది. చివరిదాకా దీన్నే పట్టుకుని నడుద్దాం. దీన్ని ఎస్పెరాంటో, టోకి పోనా లాంటి కృత్రిమ భాషలోకి, అంటే ఎవరో పనిగట్టుకుని తయారుచేసిన భాషలోకి తెమ్మంటే ఎవరైనా ముందు 'పాలు' దగ్గరే ఆగిపోతారు. పాలంటే తాగేవి, పాలంటే వాటా. ఈ శ్లేష ఇంకో భాషలో ఎలా కుదురుతుంది? కుదరదు. కానీ ఒక్కసారి దాన్ని తీసి పక్కన పెట్టి చూడండి. "మరి నాకేంటి?" "గిన్నె." నవ్వు ఎక్కడికీ పోలేదు. శ్లేష పైమెరుగు, అసలు దెబ్బ ఆఖరి మాటలో ఉంది.

కామిక్‌లో సగం మాట బొమ్మే చెప్పేస్తుంది. అది పిల్లి అనీ, గిన్నెలో ఉన్నవి పాలనీ, తాగేసింది ఎవరనీ మీరు రాయక్కర్లేదు. నూట ఇరవై మాటలతో నడిచే భాషలోకి నవల తేవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అదే కామిక్ అయితే బొమ్మ మీ పక్షాన నిలబడుతుంది. కొన్నిచోట్ల అదే బొమ్మ మీ చేతులు కట్టేస్తుంది కూడా. ఆ రెండు చోట్లనూ గుర్తుపట్టగలిగితే పని సగం అయినట్టే.

1. ఏ భాషకు ఏ కామిక్

మొదటిసారి చేసేవాళ్లకు నా ఓటు ఎస్పెరాంటోకే. 1887లో జామెన్‌హాఫ్ చిన్న పుస్తకంతో మొదలుపెట్టిన ఈ భాషకు మంచి నిఘంటువులున్నాయి, చదివేవాళ్లున్నారు, తప్పులు పట్టేవాళ్లు ఇంకా బాగా ఉన్నారు. ఆ మూడోది వరమే అనుకోండి. దాదాపు ఏ కామిక్ అయినా దీనిలోకి వస్తుంది.

టోకి పోనా దారి వేరు. సోన్యా లాంగ్ 2001లో బయటపెట్టిన ఈ భాషకు అక్షరాలు పద్నాలుగే, మూల పదాలు నూట ఇరవై చిల్లర. ఆకలి, నిద్ర, అలక, పిల్లులు, వాన లాంటివి దీనిలో బాగా పండుతాయి. అంకెల మీదో, సైన్సు మీదో, ఆఫీసు రాజకీయాల మీదో నడిచే కామిక్ తీసుకున్నారంటే ప్రతి బుడగా (పాత్రల మాటలు రాసే చోటు) ఒక నిర్వచనంలా తయారవుతుంది. అలాంటిదాన్ని మొదలుపెట్టకపోవడమే మేలు.

స్టార్ ట్రెక్ కథల్లోని గ్రహాంతరవాసుల భాష క్లింగాన్‌కు దాని సృష్టికర్త మార్క్ ఓక్రాండ్ రాసిన నిఘంటువు 1985లో వచ్చింది. కొత్త మాట ఆయన దగ్గర్నుంచి వస్తేనే లెక్క అని ఆ భాష మాట్లాడేవాళ్ల పట్టుదల. కాబట్టి మీకు కావలసిన పదాన్ని మీరు పుట్టించలేరు, ఉన్నవాటితోనే చుట్టూ తిరిగి చెప్పాలి. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రచయిత టోల్కీన్ తన కథల కోసం అల్లి వదిలిపెట్టిన క్వెన్యా లాంటి భాషల్లో ఖాళీలు చాలా ఉన్నాయి. వాటిని తలా ఒక రకంగా పూరించుకున్నారు. ఎవరి పూరణను అనుసరించారో ఒక్క ముక్క రాసి పెట్టకపోతే తర్వాత వాదనలకు సమాధానం చెప్పలేక అలసిపోతారు. 1987లో పుట్టిన లోజ్బాన్ తర్కం మీద కట్టిన భాష. కామిక్స్‌కు ఏం పనికొస్తుందిలే అనుకుంటాం, కానీ భావోద్వేగాలకు దానికున్నన్ని పొట్టి మాటలు చాలా భాషలకు లేవు. ఆ సంగతి కింద చెబుతాను.

భాష మీరే సృష్టించుకున్నదైతే ఒకే నియమం: కామిక్ అడిగినప్పుడే పదం పుట్టించండి, పుట్టించిన వెంటనే అది ఏ పేజీ కోసం పుట్టిందో రాసుకోండి. రాసుకోకపోతే మూడో పేజీలో 'తలుపు'కు ఒక మాట, తొమ్మిదో పేజీలో ఇంకో మాట వచ్చేస్తాయి.

ఏ భాషైనా సరే, మూడు వందల పేజీల కథను మొదటిసారే తలకెత్తుకోకండి. నాలుగైదు పొట్టి స్ట్రిప్స్ పూర్తి చేశాక మీ వేగం, మీ ఓపిక రెండూ తెలుస్తాయి. ఆ భాషలో చదవడం కూడా రాకుండా యాంత్రిక అనువాదాన్ని నమ్ముకుని దిగితే మాత్రం కష్టం. బుడగల్లో ఉండేవి తెగిన వాక్యాలు. బొమ్మ కనబడని యంత్రానికి 'గిన్నె' అన్నది ప్రశ్నకు జవాబో, పిలుపో తెలియదు.

2. అనుమతి

అనువాదం చేసుకునే హక్కు మూల రచయితది. బెర్న్ ఒప్పందం ఎనిమిదో అధికరణం ఈ మాటే చెబుతుంది. కామిక్ ఉచితంగా చదవనిస్తున్నారంటే దాన్ని మార్చి పెట్టుకోమన్నట్టు కాదు.

ముందు లైసెన్స్ ఏమిటో చూడండి. క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతుల మీద అందరూ వాడుకోనిచ్చే లైసెన్స్‌లు) అని ఉంటే షరతులు చదవండి. 'నో డెరివేటివ్స్' అని ఉంటే విడిగా అనుమతి తీసుకోకుండా అనువాదాన్ని పంచుకోకూడదు. 'నాన్ కమర్షియల్' అంటే డబ్బు సంపాదించకూడదు, ఎక్స్‌కేసీడీ అనే వెబ్‌కామిక్ స్ట్రిప్స్ ఈ షరతు మీదే ఉన్నాయి. 'షేర్ అలైక్' అంటే మీ అనువాదాన్ని కూడా అదే లైసెన్స్ కింద వదలాలి. డేవిడ్ రెవోయ్ గీసే పెప్పర్ అండ్ క్యారట్ వెబ్‌కామిక్ అయితే పేరు చెబితే చాలనే లైసెన్స్‌తో వస్తుంది. బొమ్మల మూల ఫైళ్లు కూడా బయటే ఉంటాయి. ఎస్పెరాంటో, లోజ్బాన్ అనువాదాలు దానికి ఇప్పటికే ఉన్నాయి. చేయి తిప్పుకోవడానికి ఇంతకన్నా అనువైనది నాకు తెలియదు.

లైసెన్స్ ఏమీ కనబడకపోతే రచయితకు ఉత్తరం రాయండి. పొడుగ్గా అక్కర్లేదు. ఏ భాష, ఎన్ని స్ట్రిప్స్, ఎక్కడ పెడతారు, డబ్బు ప్రసక్తి ఉందా లేదా, మూలానికి లింకు ఇస్తారు అని నాలుగు ముక్కలు, ఒక స్ట్రిప్ నమూనా. అక్షరాలు లేని బొమ్మలో, లేయర్లున్న (బొమ్మ, అక్షరాలు వేర్వేరు పొరల్లో ఉన్న) ఫైళ్లో ఇవ్వగలరా అని అప్పుడే అడగండి. ఇస్తే వారాల పని గంటల్లోకి వస్తుంది. జవాబు రాకపోతే 'మౌనం అర్ధాంగీకారం' అనుకోకండి. ఇంట్లో సాధన చేసుకోండి, బయట పెట్టకండి.

3. బుడగలన్నీ పట్టికలోకి

బొమ్మ మీద నేరుగా రాయడం మొదలుపెట్టే చెడ్డ అలవాటు నాకూ ఉండేది. బుడగ నిండిపోయాక వాక్యాన్ని కుదించడం, కుదించాక ముందు ప్యానెల్‌తో పొంతన తప్పడం, మళ్లీ మొదటికి రావడం. ఇప్పుడు ముందే పట్టిక వేసుకుంటున్నాను. పేజీ, ప్యానెల్, బుడగ నంబరు, మాట్లాడేది ఎవరు, మూలం మాట, అనువాదం. వీటితో పాటు ఇంకో రెండు గడులు తప్పకుండా పెట్టుకోండి: 'బొమ్మలో ఏం కనబడుతోంది', 'ఈ మాట ఇక్కడ ఎందుకుంది'.

మన స్ట్రిప్‌లో మూడో ప్యానెల్‌కు నా పట్టికలో ఇలా ఉంది. బొమ్మలో: ఖాళీ గిన్నె, పిల్ల ముఖంలో ఆశ. మాట ఎందుకు: వాటా అడగాలి, జవాబు ఒక వస్తువు పేరు అయ్యేలా అడగాలి. ఈ రెండో సగం రాసుకున్నాకే అనువాదం దారిలో పడింది. 'ఎంత' అని అడిగితే జవాబుగా కొలత రావాలి. 'ఏది' అని అడిగితే గిన్నె నేరుగా వచ్చి కూర్చుంటుంది. తెలుగులో 'పాలెంత' అని అడిగితే 'గిన్నె' అనడం పెంకి జవాబు. ఆ పెంకితనం లక్ష్యభాషలో నిలిచిందా సంతోషం. నిలవకపోతే 'ఏది'తో సరిపెట్టుకోవచ్చు, నవ్వు పోదు.

బుడగలే కాదు, గోడ మీద బోర్డులు, ఫోన్ తెర మీద సందేశాలు, స్ట్రిప్ పేరు, బొమ్మ మీద మౌస్ ఉంచితే కనబడే దాపరికపు వాక్యం కూడా పట్టికలోకి రావాలి. చివరిది అందరూ మరిచిపోతారు.

4. అసలు పని

టోకి పోనాలో మూడో ప్యానెల్: "సెమె లి తవ మి?" నాకోసం ఏముంది అని. నాలుగోది: "పోకి." గిన్నె, డబ్బా, సంచి, పెట్టె, ఏదైనా పాత్రే. అన్నిటికీ ఒకటే మాట. విడిగా చదివితే ఏ పాత్రో తెలియదు, కానీ బొమ్మలో గిన్నె ఉంది కదా. 'చిన్న గుండ్రటి పాత్ర' అని విశేషణాలు తగిలిస్తే నవ్వు చచ్చిపోతుంది. ఆఖరి మాట ఎంత పొట్టిదైతే అంత మంచిది. ఈ భాష కామిక్స్‌కు ఎందుకు నప్పుతుందో ఈ ఒక్క మాటలో తెలిసిపోతుంది.

మాట్లాడుతున్న వస్తువు బొమ్మలో లేకపోతే కథ అడ్డం తిరుగుతుంది. పిల్లి ఫోన్లో "కుక్క వచ్చింది" అంటుంది, కుక్క ఎక్కడా కనబడదు. టోకి పోనాలో నేల మీద తిరిగే బొచ్చు జంతువులన్నీ 'సొవెలి'. పిల్లీ సొవెలే, కుక్కా సొవెలే. అప్పుడు మాత్రం 'గట్టిగా శబ్దం చేసే సొవెలి' అనాల్సిందే, అంటే "సొవెలి పి కలామ వావ". పట్టికలో 'బొమ్మలో ఏం కనబడుతోంది' అన్న గడి ఇందుకే. ఆ గడి ఖాళీగా ఉన్న ప్రతిచోటా మాటకు రెట్టింపు బరువు పడుతుంది.

కాలం విషయంలోనూ ఇంతే. టోకి పోనాలో క్రియకు కాలం ఉండదు. కావాలంటే ముందు 'గడిచిన కాలంలో' అని విడిగా చెప్పుకోవాలి. ఖాళీ గిన్నె కళ్లముందు ఉంటే తాగడం అయిపోయిందని వేరే చెప్పాలా?

ఎస్పెరాంటోలో చిక్కు ఇంకోచోట ఉంది. ఆ భాషలో కర్మకు చివర 'న్' చేరుతుంది, మన ద్వితీయా విభక్తి లాగా. "కియోన్ మి రిత్సెవోస్?" (నాకేం దొరుకుతుంది?) అని అడిగితే, అడిగినది కర్మ కాబట్టి జవాబు కూడా "ల బోవ్లోన్" అనాలి. "కియో రెస్తాస్ పోర్ మి?" (నాకేం మిగిలింది?) అని అడిగితే అది కర్త, జవాబు "ల బోవ్లో". ఒక బుడగలోని వ్యాకరణం పక్క ప్యానెల్లోని బుడగను పట్టుకుని ఉంటుందన్నమాట. నేను రెండోదే ఎంచుకుంటాను. 'మిగిలింది' అన్న మాటలో ఎత్తిపొడుపు ఉంది, పైగా జవాబులో 'న్' లేకపోవడంతో మాట తెగినట్టు ఆగుతుంది. ఏది ఎంచుకున్నా ఒక బుడగ మార్చారంటే దాని జతను కూడా తిరిగి చూడండి. ఎస్పెరాంటో కామిక్స్‌లో దొర్లే తప్పుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

తెగిన వాక్యాలు మరో తలనొప్పి. "నేను ఆ గిన్నెను పగ—" అని ఆపితే తెలుగులో గిన్నె చెప్పేశాం, ఏం చేస్తామో చెప్పలేదు. టోకి పోనాలో క్రియ ముందొచ్చి కర్మ చివరికి పోతుంది: "మి పకల ఎ—". ఇక్కడ పగలగొట్టడం చెప్పేశాం, దేన్నో చెప్పలేదు. ఉత్కంఠ తారుమారైంది. ఎస్పెరాంటోలో 'న్' పుణ్యమా అని మాటల వరస మన ఇష్టం, "మి ల బోవ్లోన్ రోంప్—" అని తెలుగు వరసలోనే ఆపొచ్చు. క్లింగాన్‌లో కర్మ ముందు, క్రియ మధ్యలో, కర్త చివర. తాగింది ఎవరో ఆఖరి క్షణం దాకా దాచాలనుకునే స్ట్రిప్‌కు అంతకన్నా ఏం కావాలి!

తెలుగువాళ్లుగా మనకు కొన్ని చోట్ల కలిసొస్తుంది. ఎస్పెరాంటోలో 'సియా', 'లియా' తేడా చాలామందిని ఏడిపిస్తుంది. మనకది 'తన', 'అతని' తేడా, పెద్దగా ఆలోచించక్కర్లేదు. లోజ్బాన్‌లో 'మిహొ' అంటే నువ్వూ నేనూ, అంటే మనం. 'మిహ' అంటే నిన్ను వదిలేసి మేము. "వచ్చాడట"లోని 'ట'కు కూడా అక్కడ 'తిహె' ఉంది, విన్నమాట అని. కొన్నిచోట్ల మాత్రం చేతిలోది జారిపోతుంది. ఎస్పెరాంటోలో మనం, మేము రెండూ 'ని' అయిపోతాయి. గండుపిల్లి "మేము తాగేశాం" అని పిల్లను వేరు చేయడమే నవ్వైతే "ని, సెన్ వి" (మేము, నువ్వు లేకుండా) అని కలపాలి. నువ్వు, మీరు తేడా కూడా ఉండదు, అందరూ 'వి'. 'మీరు' నుంచి 'నువ్వు'కు దిగే సన్నివేశం ఉంటే పిలుపు మార్చండి. ముందు ఇంటిపేరుతో పిలిచే పాత్ర ఆ ప్యానెల్ నుంచి ముద్దుపేరుతో పిలిస్తే సరిపోతుంది.

మన అలవాటు ఒకటి మాత్రం వదులుకోవాలి. "వచ్చా" అంటే మనకు వాక్యమే. ఎస్పెరాంటోలో 'వెనిస్' అని ఊరుకుంటే ఎవరో తెలియదు, 'మి వెనిస్' అనాలి.

శ్లేష ఎలాగైనా కావాలనుకుంటే లక్ష్యభాష నేలలో మొలిచినదాన్నే వెతకండి. ఎస్పెరాంటోలో పదాలు ముక్కలు కలిపి కట్టినవి కాబట్టి విడగొట్టడంలో తమాషాలు దొరుకుతాయి. 'కతారో' అంటే జలుబు. 'కత్-ఆర్-ఓ' అని విడదీస్తే పిల్లుల గుంపు! పిల్లుల కామిక్ చేస్తూ దీన్ని వదులుకోవడం నేరం. పాలగిన్నె స్ట్రిప్‌లో దూర్చొద్దు, అక్కడ బొమ్మ ఒప్పుకోదు. పిల్లి తుమ్మే స్ట్రిప్ వచ్చేదాకా పట్టికలో ఓ మూల రాసి ఉంచుకోండి.

5. పేర్లు

గండుకీ మిన్నుకీ (పిల్లిపిల్ల పేరు మిన్ను అనుకుందాం) కొత్త భాషలో పేర్లు కావాలి. టోకి పోనాలో గ, డ, ర లాంటి ధ్వనులు లేవు, జంట హల్లులు కుదరవు, పేరు ఒంటరిగా నిలవదు. ముందు అదేమిటో చెప్పే మాట రావాలి. అలా గండు 'సొవెలి కంతు' అవుతాడు, మిన్ను 'సొవెలి మిను' అవుతుంది. ఎస్పెరాంటోలో ఆడపిల్లల ముద్దుపేర్లకు '-న్యో' అని ఒక ప్రత్యయం ఉంది, 'మిన్యో' అంటే ఎంత ముద్దుగా ఉంది! లోజ్బాన్‌లో పేరు హల్లుతో ముగియాలి, ముందు 'ల' ఉండాలి. 'ల గందుస్' అన్నమాట. పిల్లి పేరు రోమ్ చక్రవర్తి పేరులా మారిపోయింది, ఏం చేస్తాం.

పేర్లు మొదటి పేజీకే తేల్చేయండి. ఇరవయ్యో పేజీలో మార్చాలనిపిస్తే పందొమ్మిది పేజీలు వెనక్కి వెళ్లాలి.

6. ధనాధన్, టపటప

గలగల, గబగబ, ఫెళఫెళ, దభేల్. ధ్వనుల్లో తెలుగుకు ఉన్న సంపదకు అలవాటుపడి కృత్రిమ భాషల్లోకి వెళ్తే బోసిగా అనిపిస్తుంది. టోకి పోనాలో జంతువు అరుపు ఏదైనా 'ము'. పిల్లీ ము, కుక్కా ము, కోడీ ము. మొదట నవ్వొస్తుంది, తర్వాత అలవాటైపోతుంది, ఆ తర్వాత ఇంతకంటే ఎందుకు అనిపిస్తుంది. అక్షరాల సైజు, వంపు మార్చి గీస్తే ఏ 'ము' ఎవరిదో తెలిసిపోతుంది. ఎస్పెరాంటోలో పిల్లికి 'మియావ్' సరిగ్గా మనలాగే ఉంది.

లోజ్బాన్ భావపదాలు ఇక్కడే పనికొస్తాయి. సంతోషానికి 'వి', ఏదో కనుక్కున్నప్పుడు 'వా', ఆశ్చర్యానికి 'వె', భయానికి 'యీ', ఫిర్యాదుకు 'ఒయ్'. మిన్ను ఖాళీ గిన్నెలోకి తొంగి చూసే చోట ఒక్క 'ఒయ్' వేస్తే వాక్యం రాయాల్సిన పనే ఉండదు.

ధ్వని బొమ్మలోనే కలిసిపోయి గీసి ఉంటే మూడు దారులు: అలాగే వదిలేయడం, ప్యానెల్ అంచున చిన్నగా అర్థం రాయడం, చెరిపి మళ్లీ గీయడం. మూడోది చేయగలిగే చేయి మీకుంటేనే చేయండి. సగం చెరిగిన 'ధన్' కంటే పరాయి భాషలో ఉన్న 'ధన్' నయం.

7. అక్షరాలు వేయడం

ఫాంట్ ఎంచుకోవడానికి ముందు పరీక్షించండి. ఎస్పెరాంటోలో సి, జి, హెచ్, జె, ఎస్‌ల మీద టోపీలు ఉంటాయి, యు మీద నెలవంక లాంటి గుర్తు ఉంటుంది. ఈ ఆరూ చాలా ఉచిత కామిక్ ఫాంట్లలో ఉండవు. ఒకసారి పన్నెండు పేజీలకు అక్షరాలు వేసి, ఎగుమతి చేసి, తీరిగ్గా చూసుకుంటే టోపీ ఉన్న అక్షరాలన్నీ వేరే చేతిరాతలో ఉన్నాయి. ఫాంట్‌లో లేని అక్షరాలను సాఫ్ట్‌వేర్ చడీచప్పుడు లేకుండా ఇంకో ఫాంట్ నుంచి తెచ్చి అతికించింది. పన్నెండూ మళ్లీ చేశాను. అందుకే ఎస్పెరాంటో వాళ్ల పరీక్షా వాక్యం 'ఎఖోషాంజో చియుఝావ్‌దె' ముందు టైప్ చేసి చూడండి. ప్రతి గురువారం ప్రతిధ్వని మార్పు అని అర్థంలేని అర్థం, కానీ ఆరు గుర్తులూ అందులో ఉన్నాయి.

కామిక్ ఫాంట్లు ఎక్కువగా అన్నీ పెద్దక్షరాలే (క్యాపిటల్ లెటర్లే). పెద్దక్షరం మీద టోపీ పెడితే అది పై వరసకు తగులుతుంది. మన వొత్తులూ గుడులూ ఢీకొన్నట్టే. వరసల మధ్య ఎడం కాస్త పెంచండి.

క్లింగాన్‌కు మాత్రం పెద్దక్షరాల ఫాంట్ అసలు పనికిరాదు. రోమన్ లిపిలో రాసే ఆ భాషలో చిన్న క్యూ ఒక ధ్వని, పెద్ద క్యూ ఇంకో ధ్వని. ఒకే మూడక్షరాల పదం చిన్న క్యూతో మొదలైతే 'అయ్యా', పెద్ద క్యూతో మొదలైతే 'సాయం చేయి'. అన్నీ పెద్దక్షరాలు చేశారంటే సైనికుడు అధికారికి సెల్యూట్ కొడుతూ "సాయం" అని అరిచినట్టు ఉంటుంది. క్లింగాన్, లోజ్బాన్ రెండిటిలోనూ పైకామా కూడా ఒక అక్షరమే. సాఫ్ట్‌వేర్ దాన్ని వంకర కొటేషన్ గుర్తుగా మార్చకుండా ఆ సెట్టింగ్ ఆపేయండి.

టోకి పోనాను దాని బొమ్మల లిపి సితెలెన్ పోనాలో వేస్తే అందమే అందం. ఒక్కో పదానికి ఒక్కో గుర్తు కాబట్టి బుడగలో చోటు బోలెడు మిగులుతుంది. ఇలాంటి లిపులకు యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నీ పాటించే అక్షరాల ఉమ్మడి పట్టికలో) అధికారికంగా చోటు లేదు. క్లింగాన్ లిపి కోసం పెట్టిన ప్రతిపాదనను 2001లో తిరస్కరించారు. అందువల్ల ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఖాళీ డబ్బాలు కనబడతాయి. ఎగుమతికి ముందు అక్షరాలను గీతలుగా మార్చండి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో దీన్ని 'ఆబ్జెక్ట్ టు పాత్' అంటారు. మార్చేది నకలులో మాత్రమే సుమా.

బుడగలో మాటల అమరిక కంటికి కటకం ఆకారంలో ఉండాలి: పైన పొట్టి వరస, మధ్యలో పొడుగు, కింద మళ్లీ పొట్టి. పదాన్ని రెండు వరసల్లోకి విరవకండి. ఎస్పెరాంటోలో విరవక తప్పకపోతే ముక్కలు కలిసిన చోటే విరవండి. టోకి పోనాలో క్రియకు ముందొచ్చే 'లి', కర్మకు ముందొచ్చే 'ఎ'లకు ముందు వరస మార్చితే కొత్తగా నేర్చుకునేవాళ్లు వాక్యాన్ని సులువుగా విడదీసుకుంటారు. మీ పాఠకుల్లో ఎక్కువమంది నేర్చుకునేవాళ్లే అని గుర్తుంచుకోండి. మాట పట్టకపోతే ఫాంట్ తగ్గించే ముందు వాక్యాన్ని తగ్గించండి.

పాత అక్షరాలు చెరపడం గురించి చెప్పేది తక్కువ. లేయర్లుంటే ఆ లేయర్ మూసేయడమే. లేకపోతే తెల్ల బుడగలో తెల్లరంగు పోసేయండి. ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్ జింప్ గానీ క్రిటా గానీ సరిపోతుంది.

8. చూపించడం

ఆ భాష బాగా వచ్చిన, మూలం చూడని ఒకరికి పూర్తయిన స్ట్రిప్ ఇవ్వండి. "బాగుందా?" అని అడగకండి, బాగుందంటారు. "నాలుగో ప్యానెల్లో ఏమైంది?" అని అడగండి. "గిన్నె దానికి ఇచ్చాడు, పాపం" అంటే మీరు గెలిచినట్టు. "గిన్నె ఎక్కడిది?" అంటే బొమ్మ మీద ఎక్కువ ఆనారన్నమాట. తర్వాత ఆ భాష ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న ఇంకొకరికి ఇచ్చి ఎక్కడ ఆగారో మాత్రం చూడండి. ఈ ఇద్దరి మాటలూ కలవకపోతే నేను నేర్చుకునేవాళ్ల వైపే మొగ్గుతాను, శైలి కాస్త తగ్గినా పర్లేదు.

9. బయట పెట్టడం

మూల రచయిత పేరు, అనువాదకుడి పేరు, లైసెన్స్, మూలం లింకు, వాడిన ఫాంట్ పేరు బొమ్మ కిందే ఉండాలి. ఫాంట్‌కూ లైసెన్స్ ఉంటుంది, అది చూశారా? పేజీకి భాష కోడ్ పెట్టండి: ఎస్పెరాంటోకు 'ఈఓ', లోజ్బాన్‌కు 'జేబీఓ', క్లింగాన్‌కు 'టీఎల్‌హెచ్', 2022లో కోడ్ దక్కిన టోకి పోనాకు 'టీఓకే'. బొమ్మలోని మాటలను కింద అక్షరాల్లోనూ ఇవ్వండి. తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకూ, నిఘంటువులో వెతుక్కునేవాళ్లకూ అదే ఆధారం. కష్టమైన నాలుగైదు పదాలకు అర్థాలు పక్కన పెడితే ఇంకా మంచిది.

అక్షరాలు ఇంకా అక్షరాలుగానే ఉన్న అసలు ఫైలును, గీతలుగా మార్చిన నకలును వేర్వేరుగా దాచుకోండి. వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఉత్తరం రాస్తారు: "మూడో ప్యానెల్లో ఒక 'న్' పడిపోయింది." అసలు ఫైలు తెరవండి, 'న్' చేర్చండి, వరస బుడగ అంచు తాకిందేమో చూడండి, పక్క ప్యానెల్లో జవాబుకు కూడా అది కావాలేమో చూడండి, మళ్లీ ఎగుమతి చేసి అదే పేరుతో పెట్టండి. పట్టికలో సరిదిద్దడం మరిచిపోకండి.